తోమా వేలు

మద్రాసుకు మా కార్వేటినగరం వాళ్లు ఎక్కువగా రెండు పనుల మీదే వెళ్తారు: ఆస్పత్రికో, పెళ్లిబట్టలకో. ఆస్పత్రి పని తొందరగా అయిపోయిన ఒక మధ్యాహ్నం, పుత్తూరు బస్సుకు ఇంకా టైముందని అమ్మను శాంథోమ్ చర్చికి తీసుకెళ్లాను. ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచేసింది.

లోపల రంగుటద్దాల్లోంచి ఎండ పడుతోంది. ఒక అద్దంలో ఏసు, ఆయన ముందు గాయం దగ్గరకు చెయ్యి చాపిన మనిషి.

"ఏం చేస్తా ఉండాడురా ఈయప్ప?" అంది అమ్మ.

చచ్చిపోయినాయన లేచొచ్చాడని మిగతా శిష్యులు చెప్తే నమ్మలేదమ్మా, గాయంలో వేలు పెట్టి చూస్తేగానీ ఒప్పుకోనన్నాడు, ఆయనే తోమా, ఈ చర్చి ఆయన పేరు మీదే, అన్నాను.

అమ్మ కాసేపు చూసి, "అడిగిందాంట్లో తప్పేముంది?" అంది.

తప్పేం లేదు. అయితే అదే వేలు ఈ చర్చి మీద పెడితే? తోమా క్రీ.శ. 52లో కేరళ తీరాన దిగాడనీ, 72లో ఇక్కడ ఈటెపోటుకు చనిపోయాడనీ చెప్పేది సంప్రదాయం, శాసనం కాదు. ఆయన అవశేషాలను ఎడెస్సాకు తీసుకుపోయారంటారు, అవే 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయంటారు. పోర్చుగీసు వాళ్లు ఇక్కడ తవ్వి, సమాధి ఇదేనని చర్చి కట్టింది 1523లో. దాన్ని 1893లో పడగొట్టారు. 155 అడుగుల శిఖరంతో ఇప్పుడు తెల్లగా నిలబడింది 1896లో పూర్తయిన కట్టడం. రెండు వేల ఏళ్ల కథ వినడానికి వచ్చి మనం తలెత్తి చూసేది ముత్తాతల నాటి గోడల్ని.

మెట్లు దిగితే సమాధి మందిరం. చిన్న ఎముక ముక్క ఒకటి ఆయనదేనని భద్రంగా దాచుకున్నారు. ఎముక విరిగితే డాక్టరు కంటే ముందు పుత్తూరు కట్టు గుర్తొచ్చే ఊళ్ల వాళ్లం మేం. ఆ కట్టు కట్టేవాళ్లు కూడా ముందు చేత్తో తడిమి చూస్తారు, తర్వాతే మాట. ఈ ఎముకను నేను తడమలేను. తడిమినా అది ఎముకని తెలుస్తుందే తప్ప ఎవరిదో వేలికి తెలియదు. తోమాకైతే ఆ గాయాలున్న మనిషి ముందే తెలుసు. మనకు ఆ వీలు లేదు.

ఇంకో చిక్కుంది. మైలాపూరు కపాలీశ్వరుడి పాత గుడి ఈ సముద్రపు ఒడ్డునే ఉండేదనీ, పోర్చుగీసు వాళ్ల చేతిలో అది పోయాకే ఇప్పుడున్న గుడి లేచిందనీ చెబుతారు. చోళుల కాలపు తమిళ శాసనం ముక్కలు ఈ చర్చి దగ్గర దొరికాయి. అయితే ఈ నేల ముందు ఎవరిది? ఈ మధ్య మన దేశంలో గట్టిగా వినబడుతున్న ప్రశ్నే. నాకు దాని మీద పెద్ద గురి లేదు. అడిగేవాడు తన పొర తగిలిన చోట తవ్వకం ఆపేస్తాడు, ఇంకా కింద ఏముందో చూడడు. అలాగని కూలిన గుడిని మరిచిపొమ్మనడమూ న్యాయం కాదు. దెబ్బ తిన్నవాడికి గాయం ఉంటుంది, దాన్ని చూడనంటే తోమా పాటి నిజాయితీ కూడా మనకు లేనట్టే.

ముందు ఎవరు అన్నదాని కంటే, బలం చేతిలో ఉన్నప్పుడు ఎవరు ఏం చేశారు అన్నది నాకు పనికొచ్చే ప్రశ్న. పోర్చుగీసు వాళ్లు గుళ్లను పాడుచేస్తున్నారన్న ఫిర్యాదు మీద 1558-59 ప్రాంతంలో విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయలు శాంథోమ్ మీదికి సైన్యంతో వచ్చి సొమ్ము వసూలు చేసుకుని పోయాడు. తర్వాత నలభై ఏళ్లకు, 1598లో, ఇదే శాంథోమ్ నుంచి జెస్యూట్ పాదిరీలు మన చంద్రగిరికి వచ్చారు. అప్పటి రాజు వెంకటపతి రాయలు రామరాయల తమ్ముడి కొడుకే. వైష్ణవుడు, నాణేల మీద వెంకటేశ్వరుడి బొమ్మ వేయించినవాడు. ఆయన ఆ పాదిరీలను ఆదరించి, చర్చి కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు.

అది ఉదారమా, సముద్రం మీద పెత్తనమున్న పోర్చుగీసు వాళ్లతో మంచిగా ఉందామన్న లెక్కా? రెండూ కావచ్చు. రాజు మనసులోకి వేలు పెట్టి చూడలేం. చేసిన పని మాత్రం చూడొచ్చు. దైవం గురించి నాకున్న అనుమానాలన్నీ అట్లాగే ఉన్నాయి, కానీ పక్కవాడి దైవానికి చోటిచ్చిన మనిషి ఉన్నాడని నమ్మడానికి నాకు ఏ ఎముకా అక్కర్లేదు.

బస్సులో ఇదంతా చెప్తే అమ్మ, "ఆ పాదిరీలు అంత దూరం నడిచొచ్చినారా?" అని మాత్రం అడిగింది. పల్లకిలోనో, ఎట్లో తెలియదన్నాను.

ఈసారి చంద్రగిరి వెళ్తే రాజమహల్ ముందు ఒక్క నిమిషం ఎక్కువ నిలబడండి. ఆ పాదిరీలు రాయలను వెతుక్కుంటూ వచ్చింది ఆ ఊరికే.