ఓర్చుకోవడం ఎప్పుడు గొప్ప?

మన ఆడవాళ్ల ఓర్పును పొగడని సభ లేదు. నెత్తిన కట్టెల మోపు, చంకన బిడ్డ, కొండ దిగి సంతకు నడక, ఇవన్నీ చెప్పి చప్పట్లు కొడతాం. భర్తతో కలిసినప్పుడల్లా కలిగే నొప్పిని ఏళ్ల తరబడి పళ్ల బిగువున భరించే ఓర్పు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. దాన్ని కూడా గొప్ప అందామా?

పురిటి నొప్పి ఓర్చుకుంటే బిడ్డ పుడుతుంది. పోడులో కలుపు తీసిన నడుం నొప్పి వెనక గింజలున్నాయి. ఈ నొప్పి వెనక ఏముంది? చెబితే ఏమనుకుంటారోనన్న భయం. భయానికి ఓర్పు అని పేరు పెట్టడం నాకు అబద్ధంగా తోస్తుంది.

'మొదట్లో అంతేలే, అలవాటవుతుంది' అంటారు పెద్దమ్మలు. మొదట్లో కొద్దిగా ఉండి తగ్గిపోతే సరే. తగ్గని నొప్పికి, కొత్తగా మొదలైన నొప్పికి కారణం వెతకాలి. తెల్లబట్ట, దురద, మంట ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మందులతో పోతుంది. కాన్పు కుట్లు సరిగా మానకపోయినా నొప్పే. బిడ్డకు పాలిచ్చే నెలల్లోనూ, ముట్లుడిగాకా లోపల పొడిబారుతుంది. నీటితో చేసిన జెల్ మెడికల్ షాపులో దొరుకుతుంది, ముట్లుడిగినవాళ్లకు డాక్టరు హార్మోన్ క్రీము రాస్తారు. (నిరోధ్ వాడేవాళ్లు కొబ్బరినూనె రాయొద్దు, రబ్బరు చిరుగుతుంది.) కొందరికి భయంతో అక్కడి కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. అది మొండితనం కాదు. నెమ్మదిగా వదులు చేసే వ్యాయామాలు నేర్పుతారు. కలిసిన తర్వాత రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకూడదు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు అదొక గుర్తు.

ఇంత వైద్యం ఉన్నా మన ఆడవాళ్లకు ఎందుకు అందడం లేదు? కోయో గోండో మాట్లాడే మనిషి, తెలుగు మాట్లాడే మగ డాక్టరు ముందు, వరుసలో పదిమంది వింటుండగా 'కడుపు నొప్పి' అనేసి వస్తుంది. గ్యాస్ బిళ్లలు ఇస్తారు. నొప్పి పోదు. చివరికి ఏ ప్రైవేటు ఆసుపత్రిలోనో గర్భసంచి తీయించేస్తారు. ఇలాంటి ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే పొడిబారడం ఇంకా ఎక్కువవుతుంది, అంటే ఏ బాధ పోవాలని వెళ్లిందో అదే పెరగొచ్చు.

ఇక మగవాళ్ల సంగతి. తరగతిలో పిల్లవాడు కడుపు పట్టుకుని కూర్చుంటే నొప్పికి రుజువు చూపించమని అడుగుతామా? నమ్మి ఇంటికి పంపుతాం. అదే మనం, భార్య వద్దంటే అనుమానిస్తాం, అలుగుతాం, కొందరు చెయ్యి కూడా చేసుకుంటాం. మైదానం వాళ్లకంటే మన ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువని గర్వంగా చెప్పుకుంటాం. నచ్చినవాణ్ణి చేసుకోవచ్చు, నచ్చకపోతే వదిలేయొచ్చు, నిజమే. పెళ్లికి ముందు పిల్ల ఇష్టం అడిగే ఆచారం ఉన్నవాళ్లం, పెళ్లయ్యాక అడగనక్కర్లేదని ఎవరి దగ్గర నేర్చుకున్నాం? పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో కలయిక అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పదో తరగతి కాగానే పెళ్లిళ్లు చేసే ఊళ్లలో ఈ సంగతి టీచర్లు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నొప్పి ఉన్న రోజు ఆగడమే మొదటి చికిత్స. తర్వాత ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో 'కలిసినప్పుడు నొప్పి' అని ఆ మాటే చెప్పాలి, మన భాషలోనైనా సరే. లేడీ డాక్టరు ఏ రోజు వస్తారో వాళ్లకు తెలుస్తుంది. ఆ రోజు భర్త కూడా వెంట వెళ్లాలి. కొన్ని ఇన్‌ఫెక్షన్లకు మందు ఇద్దరూ వాడాలి.