వేరు కంటే ముందు పొత్తు

దేవరకొండ దిక్కు చెల్కల్లో బతుకమ్మ పూలకు పోయినప్పుడు మా మేనమామకూ నాకూ నడిచిన వాదం ఇది.

"ఎరువు లేదు, తడి లేదు. ఈ ఎర్రచెల్కల తంగేడు ఇట్ల ఎట్ల పూస్తది బిడ్డా?"

"మట్టిల భాస్వరం ఉన్నది మామా. ఇనుము దాన్ని పట్టుకొని వదలదు. వేరు తన చుట్టున్నది గుంజుకున్నంక కొత్తది నడిచి రాదు. అప్పుడు బూజు అక్కరకొస్తది. దాని పోగు వెంట్రుకల పదోవంతు లావు కూడ ఉండదు. వేరు పట్టని సందులకు దూరి భాస్వరం తెస్తది. ఆకు వండిన చక్కెర, కొవ్వు తీసుకుంటది."

"అయితే దోస్తానే!"

దోస్తానా అనడానికి నాకు మనసొప్పలేదు. 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ అడవి చెట్ల వేళ్లమీది ఇలాంటి జంటకు మైకోరైజా అని పేరు పెడుతూ శిలీంధ్రాన్ని దాదితో పోల్చాడు. 2011 నాటి ప్రయోగాలు ఆ మురిపెం మీద నీళ్లు చల్లాయి. ఎక్కువ భాస్వరం తెచ్చిన బూజుకే మొక్క ఎక్కువ చక్కెర పంపింది. బూజూ అదే లెక్క చూసింది.

"కౌలు లెక్కున్నదే. పంట పెట్టకుంటే చేను గుంజుకుంటరు."

అంత సులువూ కాదు. వేరు ముక్కను క్షారంలో ఉడికించి, సిరా కలిపిన వెనిగర్‌లో ముంచి మైక్రోస్కోపు కింద పెడితే, కణం లోపల కొమ్మలు చీల్చుకున్న నీలి చెట్టు కనబడుతుంది. ఆర్బస్క్యూల్ అంటారు. అది కణం గోడను దాటుతుంది గాని లోపలి పొరను చీల్చదు. ఆ పొరే సాగి ప్రతి కొమ్మనూ చుట్టుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడమంతా అక్కడే. కొద్ది రోజులకు ఆ చెట్టు వడలిపోతే మొక్కే అరిగించుకుంటుంది. పక్క కణంలో ఇంకొకటి మొదలవుతుంది. ఏది ఎవరి ఒళ్లో గీత గీసి చెప్పడం కష్టం.

మామ గునుగు కట్ట చూపించాడు. "మరి దీనికి?"

"అది తోటకూర కుటుంబం. ఆ కుటుంబంల చానవాటికి ఈ పొత్తు లేదు, ఉన్నా అంతంతే."

"పొత్తు లేకున్నా పూసింది గద!"

"పూసింది. కాని అది ఒక్క కారు మొక్క. దున్నిన చేన్ల మొలిచి, గింజ రాల్చి పోతది. నాగలి పడితే బూజు పోగులు తెగిపోతయి, దానికేం బాధ లేదు. తంగేడు ఏండ్లకేండ్లు అక్కడ్నే ఉండాలె."

"ఉండేటోనికే పొత్తు కావాలె. మరి దాన్ని బేరమని చిన్నగ జేస్తవెందుకు?"

ఈ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఉన్నదల్లా ఒక రాయి కథ. స్కాట్లండ్‌లోని రైనీలో దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో, అసలైన వేళ్లే లేని మొక్కల కణాల్లో కూడా ఇలాంటి బూజు కొమ్మలే దొరికాయి. వేరు పుట్టకముందే పొత్తు ఉంది. ఇద్దరు విడివిడిగా ఉండి, తర్వాత ఒప్పందానికి వచ్చారనుకున్నప్పుడే బేరమా, స్నేహమా అన్న ప్రశ్న నిలబడుతుంది. ఇక్కడ ఆ 'తర్వాత' ఎక్కడుంది?

మామకు రాళ్లతో పనిలేదు. "పత్తికి అడుగు మందు డీఏపీ ఏస్తున్న గద, బూజు ఏమైతది?"

"భాస్వరం దండిగ దొరికితే మొక్క బూజును లోపలికి అంతగ రానియ్యదు."

"అయితే వచ్చే కారు ఒక మూలకు మందు తగ్గిస్త. పత్తి పల్చవడితే మాత్రం పైసలు నువ్వే కట్టాలె."

మట్టి పరీక్ష చేయించకుండా ఒప్పుకోనన్నాను.