తితిక్ష అంటే వణుకుతూ కూర్చోవడం కాదు

 

ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం 14వ శ్లోకం చెప్పుకున్నాం. చలి, వేడి వస్తాయి, పోతాయి, ఓర్చుకో అని కృష్ణుడు అర్జునుడికి చెప్పే చోటు. ఆ ఓర్పుకే తితిక్ష అని పేరు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ నాకది ఏసీ పనిచేయనప్పుడు గుర్తొచ్చే శ్లోకం. ఇప్పుడు ప్రతి చలికాలం అదే నా పాఠం.

నేనుండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న కీవినా ద్వీపకల్పంలో. సుపీరియర్ సరస్సు మీదుగా వీచే చల్లగాలి తేమను మోసుకొచ్చి ఇక్కడ మంచుగా కుమ్మరిస్తుంది. ఏటా 200 అంగుళాలు దాటడం మామూలే. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందని రోడ్డు పక్కన పెద్ద కొలబద్ద నిలబెట్టి మరీ చూపిస్తారు. ఉద్యోగం ఇంటి నుంచే. పక్కిల్లు అర మైలు దూరం. నీళ్ళు సొంత బోరువి, కాబట్టి కరెంటు పోతే నీళ్ళూ పోయినట్టే. పోయిన జనవరిలో రెండు రాత్రులు కరెంటు లేదు. తెల్లారి చూస్తే దేవుడి దగ్గర పంచపాత్రలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. శంకరులదిగా చెప్పే వివేకచూడామణిలో తితిక్ష అంటే ప్రతిక్రియ చేయకుండా, చింతా ఏడుపూ లేకుండా బాధను సహించడం అని ఉంది. మరి హీటర్ వేసుకుంటే తితిక్ష తప్పినట్టా?

కాదు. 14వ శ్లోకంలో ఓర్చుకో అన్న కృష్ణుడే 18వ శ్లోకానికి వచ్చేసరికి యుద్ధం చెయ్యి అన్నాడు. ఓర్పు మనసుకి, పని చేతులకి. "నాకే ఎందుకిలా" అన్న ఏడుపు ఆగితేనే చేతులు కదులుతాయి.

ఆ చేతులకి ఇక్కడ చాలా పనుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పైపులు పగులుతాయి. అందుకే గడ్డకట్టే రాత్రుల్లో కుళాయిని సన్నటి ధారగా వదలాలి. ముందే డ్రమ్ముల్లో నీళ్ళు, కప్పు కింద ఎండుకట్టెలు పెట్టుకోవాలి. మంచు తీసే పార తలుపు లోపలే ఉండాలి, బయట పెడితే అదే కూరుకుపోతుంది. బాగా చలి ముదిరితే మామూలు ఉప్పు ఐసును కరిగించదు, అప్పుడు ఇసుక చల్లాలి. జనరేటర్ ఎప్పుడూ ఇంటికి దూరంగా, ఆరుబయటే. హీటర్ పొగ గొట్టం మీద మంచు పేరుకోకుండా చూడాలి. లేదంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో నిండి ప్రాణం తీస్తుంది.

ఇంత చేసినా ఇల్లు నిలవకపోతే? వదిలి వెళ్ళాలి. అది ఓటమి కాదు. బదరీనాథ్ చూడండి. చలికాలం ముందు మాణా ఊరి ఆడవాళ్ళు నేసిన ఉన్ని కంబళికి నెయ్యి పట్టించి స్వామికి కప్పి, గుడి తలుపులు మూస్తారు. ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వర్‌కి దిగివస్తారు. మాణా వాళ్ళూ కింది ఊళ్ళకి వెళ్తారు. దేవుడే కాలాన్ని గౌరవిస్తుంటే మనకి పంతం ఎందుకు?

ఇంకో మాట. మన ధనుర్మాసమూ చలి వ్రతమే. తిరుప్పావైలో 30 పాశురాలుంటే, 6 నుంచి 15 దాకా పది పాశురాలు గోదాదేవి స్నేహితురాళ్ళని నిద్ర లేపడానికే ఇచ్చింది. తానొక్కతే వెళ్ళొచ్చుగా? వెళ్ళలేదు. ప్రతి తలుపూ తట్టింది.

ఆ రెండో రోజు పొద్దున నేనూ పక్కింటి తలుపు తట్టాను. డెబ్బై దాటిన పెద్దాయన, ఒంటరి. నా మొదటి చలికాలంలో పొగ గొట్టం సంగతి నేర్పింది ఆయనే. ఆ రోజు తలుపు తీసి, తల బరువుగా ఉందన్నాడు. గ్యాస్ హీటర్ నడుస్తోంది, గొట్టం మీద రాత్రి గాలికి కొట్టుకొచ్చిన మంచు. ఆయన్ని బయటికి తెచ్చి, హీటర్ ఆపి, అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను. కోలుకున్నాడు. మూడో రాత్రి మా ఇంట్లో కట్టెల పొయ్యి పక్కనే పడుకున్నాడు.

ఫ్రెండ్స్, ఆ శ్లోకంలో చలి ఒక్కటే లేదు, వేడి కూడా ఉంది. మీ ఊళ్ళో మంచు పడదు. కానీ మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉంటాడు, పై అంతస్తులో ఒంటరిగా ఒక పెద్దావిడ ఉంటుంది. మన కష్టం మనం ఓర్చుకుందాం. వాళ్ళ కష్టాన్ని మాత్రం "ఓర్చుకోండి" అని వదిలేయకూడదు. ఈ వారం ఒక్క తలుపు తట్టండి. అదే మీ పారాయణ.

శ్రీకృష్ణార్పణం.