రెండు కొలతలు

ధ్యానమునకు: సామెతలు 20:10, నిర్గమకాండము 25:11



ఈ నెల మేము ఒక ఆటబండిని గూర్చి వ్రాయబోవుచున్నాము. "పాస్టరుగారికి సంఘపు పనులు చాలక బొమ్మల పని కూడ పెట్టుకొన్నారా?" అని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడి, తప్పులేదు. మేమును మొదట అట్లే తలంచితిమి. అట్లు తలంచుటయే మా తప్పని తరువాత తెలిసినది. ఆ తప్పును మీయెదుట ఒప్పుకొనుటకే ఈ మాటలు వ్రాయుచున్నాము.

సామెతల గ్రంథములో జ్ఞాని ఒక వర్తకుని సంగతి ఎత్తుచున్నాడు. అతని సంచిలో రాళ్లు రెండు విధములు, అతని యింట కుంచములును రెండు విధములు. అట్టివాని పని దేవునికి అసహ్యమని ఆ వాక్యపు భావము. ఈ మాట చదివినప్పుడెల్ల మనకు సంతలోని కోమటియో, ధాన్యము కొలిచే దళారియో కన్నులయెదుట నిలుచును. మన యిల్లు మాత్రము జ్ఞాపకమునకు రాదు.

గత సంవత్సరము వర్షాకాలములో మా చిన్నవాడు చింతచెట్టు మీదనుండి పడి కాలు విరుగగొట్టుకొనెను. పదకొండేండ్ల పిల్లవాడు. పిండికట్టుతో ఆరు వారములు మంచము మీదనే ఉండవలెనని డాక్టరుగారు చెప్పిరి. వాడు మమ్మును అడిగినది ఒక్కటే: "నాన్నగారూ, నాకొక రైలుబండి చేసిపెట్టండి." మేము "సరే" అంటిమి. మరునాడు పొరుగూరిలో పెండ్లి. ఆ తరువాత రెండు గ్రామములలో రాత్రి కూటములు. అటుపిమ్మట కమిటీ. ఈలాగు మూడుమారులు మాట యిచ్చి మూడుమారులు తప్పితిమి. సంఘములో ఎవరికైన "వచ్చెదము" అని చెప్పినయెడల వానలోనైనను వెళ్లు అలవాటు మాకున్నది. ఆ సంగతి మీకు తెలియును. ఇంట చెప్పిన మాటకు ఆ తూనిక లేదు. ఒకనాడు చూడవచ్చిన పెద్దమ్మగారితో వాడు, "మా నాన్నగారు సంఘమువారికి నాన్నగారండీ" అని చెప్పుట వరండాలోనుండి మా చెవిని పడెను. వాడు కోపముతో అనలేదు. ఉన్నమాట అనినట్టు అనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మాకు ఒక సంగతి జ్ఞాపకము వచ్చెను. సెమినరీలో మాకు బోధించిన ఒక పెద్ద గురువుగారు ఇంగ్లండు దేశపు పాదిరి విల్బర్ట్ ఆడ్రీగారిని గూర్చి చెప్పుచుండిరి. ఈయన 1911లో జన్మించి 1997లో ప్రభువునందు నిద్రించెను. ఈయన తండ్రియు పాదిరియే, రైళ్లయందు మిక్కిలి మక్కువ గలవాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఆడ్రీగారు బర్మింగ్‌హాం నగరపు కింగ్స్ నార్టన్ సంఘములో సేవ చేయుచుండగా ఆయన కుమారుడు క్రిస్టఫర్‌కు తట్టు పోసినది. చీకటి గదిలో పడియున్న బిడ్డకు పొద్దుపోవుటకై తండ్రి రైలు ఇంజనుల కథలు అల్లి చెప్పెను. ఆ తరువాత చీపురుకఱ్ఱ ముక్కలును పనికిరాని చెక్కలును తీసికొని, ఇంజనును పెట్టెలను స్వహస్తములతో చేసి యిచ్చెను. పిల్లవాడు గోర్డన్ అను పెద్ద ఇంజను కావలెననెను. యుద్ధ దినములలో దానికి తగిన సామగ్రి దొరకలేదు. దొరికినదానితో ఒక చిన్న ఇంజను చేసి, దానికి థామస్ అని పేరు పెట్టెను. ఆ కథలు 1945 మొదలుకొని పుస్తకములుగా వెలువడెను. ఇప్పుడు లోకమంతటి పిల్లలు థామస్‌ను ఎరుగుదురు. అయితే ఆడ్రీగారు లోకమునకు చేయలేదు, మంచముమీదనున్న ఒక బిడ్డకు చేసెను.

మేమును లేచి పని మొదలుపెట్టితిమి. పట్టణములో తెలిసినవారు తమ పిల్లలు ఆడి విడిచిన పాత పట్టాలు కొన్ని యిచ్చిరి. పెట్టె మాత్రము మనమే చేయుదము, అదియు మద్రాసు పెరంబూరులో 1955లో ప్రారంభించిన కర్మాగారమువారు ఏండ్ల తరబడి కట్టిన నీలిపెట్టె వంటిది చేయుదమనుకొంటిమి. అసలు పెట్టె పొడవు 21 మీటర్లకు పైన, వెడల్పు 3 మీటర్ల పావు. మీటరుకు 2 సెంటీమీటర్ల లెక్క వేసికొంటిమి. పొడవు ఇంచుమించు 43 సెంటీమీటర్లు, వెడల్పు 6½ సెంటీమీటర్లు వచ్చినది. మందపాటి అట్టమీద గీతలు గీసి, కిటికీలు కోసి, అడుగున చెక్క, పైన వంపు కప్పు పెట్టి, వజ్రముతో అతికితిమి. మన ఊరి వడ్రంగి అంచుగల చిన్న చక్రములు ఆ పట్టాలకు సరిపడునట్లు తరిణెపట్టి యిచ్చెను. నాలుగు రాత్రుల పని. పెట్టె చూచుటకు బహు ముచ్చటగా నుండెను.

అయిదవ రాత్రి దానిని పట్టాలమీద నిలిపి త్రోసితిమి. సరాసరి దారిని ఊగుచు పోయెను. మలుపు దగ్గరకు రాగానే ప్రక్కకు ఒరిగి పడిపోయెను. మరల నిలిపితిమి, మరల పడెను. మంచము మీదనుండి చూచుచున్న మావాడు, "నాన్నగారూ, పెట్టె పెద్దదయ్యింది, దారి చిన్నదయ్యింది గదా!" అనెను.

అది నిజమే. మన దేశపు పెద్దలైను పట్టాల మధ్య దూరము 1676 మిల్లీమీటర్లు. మా లెక్క ప్రకారము అది 33½ మిల్లీమీటర్లు ఉండవలెను. ఆ పాత పట్టాల మధ్య దూరము అందులో సగమే. పెట్టెను ఒక కొలతతో చేసితిమి, దారిని వేరొక కొలతతో తెచ్చితిమి.

ఇది మావంటి తెలియనివారి తప్పు మాత్రమే కాదు. ఇంగ్లండులో ఇండ్లయందు చిన్న రైలుమార్గములు కట్టువారి మధ్య ఈ చిక్కు నూరేండ్లనాటిది. వారి నిజమైన పట్టాల మధ్య దూరము 4 అడుగుల 8½ అంగుళములు. అడుగుకు 3½ మిల్లీమీటర్ల లెక్కను ఇది ఇంచుమించు 16½ మిల్లీమీటర్లగును. కాని బ్రిటిషు ఇంజనులు పొట్టివి. ఆ లెక్కను చేసిన చిన్న ఇంజనులో ఆనాటి మోటారు పట్టలేదు. అందుచేత 1920లలో ఇంజనును, పెట్టెలను అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కకు పెంచిరి, పట్టాలను మాత్రము 16½ దగ్గరనే ఉంచిరి. పైభాగము పెరిగినది, దారి పెరుగలేదు. లెక్క ప్రకారము దారి 18.83 మిల్లీమీటర్లు ఉండవలసినది. 2 మిల్లీమీటర్ల తేడాయే గదా అందురేమో. బండి నడచుచున్నది, అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది, ఈనాటికిని అనేకులు దానినే వాడుచున్నారు. అయినను ఎదుటినుండి చూచువానికి సన్నకాళ్ల మీద లావు మనిషి నిలిచినట్లుండును.

ప్రియులారా, ఆ రాత్రి పడిపోయిన పెట్టెను చేతపట్టుకొని మేము మా జీవితమునే చూచుకొంటిమి. వేదికమీద మా మాట పెద్ద కొలతది. ఇంటిలో మేము పరచిన దారి సన్ననిది. సరాసరి దినములలో ఎట్లో ఊగుచు పోవచ్చును, మలుపు వచ్చినప్పుడు గదా పడిపోవుట! తన యింటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘమును ఎట్లు కాపాడునని అపొస్తలుడు తిమోతికి వ్రాసిన ప్రశ్నను మేము ఎన్నిమారులో ఇతరులకు బోధించితిమి. ఆ రాత్రి అది మమ్మును అడిగెను.

పాత పట్టాలు తీసివేసితిమి. వడ్రంగి సన్నని టేకు బద్దలు చీల్చి యిచ్చెను. 33½ మిల్లీమీటర్ల చెక్కముక్క ఒకటి కోసికొని, ప్రతి స్లీపరు దగ్గర రెండు బద్దల నడుమ దానిని పెట్టి చూచి, అప్పుడు మేకు కొట్టితిమి. కంటితో చూచి సరిపోయినదనుకొన్నచోట చెక్కముక్క పట్టలేదు. కన్ను మోసపుచ్చును, కొలత మోసపుచ్చదు. మలుపును విశాలముగా తిప్పి, ఇరుసులను చక్రములను ఆ దారికి తగినట్లు మరల అమర్చితిమి. పలకలు ఎక్కడైన వంగినయెడల పైనున్న దారియు వంగును గనుక, ముందుగా వాటిని అడుగునుండి బిగించితిమి.

ఇంకొక సంగతి నేర్చుకొంటిమి. పెట్టె ప్రక్కభాగములకు వెలుపట మాత్రము నీలిరంగు వేసి, లోపల ఎవరు చూతురులే అని విడిచియుంటిమి. తెల్లవారుసరికి అట్ట విల్లువలె వంగియుండెను. ఒక ప్రక్కనే రంగు పట్టిన అట్ట ఆరునప్పుడు ఆ ప్రక్కకు లాగికొనును. లోపలి ప్రక్కనుండి తేమయు పీల్చికొనును. రెండు ప్రక్కలను పూసినగాని అది నిటారుగా నిలువదు. లోపల అడ్డుగోడలును అతికింపవలెను. అప్పుడు మాకు నిర్గమకాండము జ్ఞాపకమునకు వచ్చెను. మందసమునకు వెలుపటనే గాక లోపటను మేలిమి బంగారు రేకు పొదిగింపుమని దేవుడు మోషేకు ఆజ్ఞ యిచ్చెను గదా! మందసపు లోపలిభాగమును ఎవరు చూతురు? మనుష్యులు చూడరు. నోవహు ఓడకును లోపలను వెలుపలను కీలు పూయవలసియుండెను. వెలుపట మాత్రమే పూసిన భక్తి మొదటి రాత్రికే వంగిపోవును.

ఇంగ్లండులోనే పీటర్ డెన్నీ అను మరియొక పాదిరిగారు ఉండిరి. ఆయన 1917లో పుట్టి 2009లో మృతినొందెను. ఊరకే ఊహించిన ఒక శాఖామార్గమును బకింగ్‌హాం అను పేరున 1945 మొదలుకొని పలకలమీద కట్టుచు, దాదాపు అర్ధశతాబ్దము దానిని విడువలేదు. అందరును 16½ మిల్లీమీటర్లతో సరిపెట్టుకొను దినములలో ఆయన 18 మిల్లీమీటర్ల దారి పరచెను. అంగడిలో దానికి తగిన సామాను దొరకని కాలమది. ఎంత చేతిపని పెరిగినను సత్యమునకు మరి దగ్గరయైన కొలతనే కోరుకొనెను.

ఆయన సంగతిలో మమ్మును ఎక్కువగా తాకినది వేరొకటి. ఆ మార్గములో ఒక స్టేషనును నడుపువాడు ఆయన కుమారుడు క్రిస్పిన్. ఆ కుమారుడు పెద్దవాడై యిల్లు విడిచిపోయిన తరువాత, ఆ స్థలములో పనిచేయుటకు డెన్నీగారు ఒక యంత్రమును కట్టెను. దానికి కుమారుని పేరే పెట్టి, 'ఆటోమేటిక్ క్రిస్పిన్' అని పిలిచెను. ఇది నవ్వించు పేరే. అయినను తండ్రియైనవాడు ఆ పేరు విని నవ్వి ఊరకుండలేడు. యంత్రము మీటలు త్రిప్పగలదు. "నాన్నగారూ" అని పిలువలేదు.

మా చిన్నవాని కాలు బాగయినది. ఈ సంవత్సరము జూన్ నెలలో వాడు చదువునిమిత్తము పట్టణములోని హాస్టలుకు వెళ్లెను. వాడు మంచముమీద ఉన్న ఆరు వారములలో మొదటి మూడు వారములను మేము పోగొట్టుకొంటిమి. అవి తిరిగి రావు. మిగిలిన మూడు వారములను దేవుడు కనికరించి యిచ్చెను. ఇప్పుడు ఆ పెట్టె వరండా గోడమీద ఉన్నది. దాని ఒక ప్రక్క ఇంకను కొంచెము వంకరగానే ఉన్నది, కిటికీలు కొన్ని ఎగుడుదిగుడుగా ఉన్నవి. మా యింటివారు దానిని ప్రతి శనివారము దుమ్ము దులిపి పెట్టుచున్నారు. మేము సైకిలు తీసికొని గ్రామములకు బయలుదేరునప్పుడెల్ల అది మా కంటబడును.

ప్రియులారా, మీలో ఎవరును రైలుబొమ్మలు చేయవలసిన పనిలేదు. మీ యింట మీరు వాడు కొలతను మాత్రము ఈ వారము ఒకసారి తీసి చూడుడి. రైతు సోదరుడా, నీవు కూలికి కొలుచు కుంచమును, అమ్మునప్పుడు కొలుచు కుంచమును ఒకటేనా? సంఘపెద్దలారా, గుడి మెట్లమీద అందరితో "అయ్యా, అమ్మా" అని మాటలాడు మీ నోరు, ఇంట భార్యతో ఏ భాష మాటలాడుచున్నది? తల్లులారా, కుమారునికి వడ్డించు గరిటెయు కోడలికి వడ్డించు గరిటెయు ఒక్కటేనా? పొరుగువారికి ఇచ్చిన మాట వేరు, బిడ్డకు ఇచ్చిన మాట వేరు అనుకొనువారు ఎవరైన ఉన్నయెడల, వారు మాతోకూడ మోకరించవలెను.

కొంచెములో నమ్మకముగా ఉండువాడే ఎక్కువలోను నమ్మకముగా ఉండునని మన ప్రభువు సెలవిచ్చెను. ఆ కొంచెము మనకు ఏది? మాకైతే అది 43 సెంటీమీటర్ల అట్టపెట్టె. మీకు ఏదో మీరే వెదకికొనుడి. ఆలస్యము చేయకుడి. పిల్లలు మంచముమీద చాలకాలము ఉండరు, ఇంటిలోను చాలకాలము ఉండరు.

ప్రార్థింతము. పరలోకపు తండ్రీ, నీయొద్ద రెండు కొలతలు లేవు. దూరముననున్న వారిని ఏ ప్రేమతో ప్రేమించితివో, సమీపముననున్న మమ్మును అదే ప్రేమతో ప్రేమించితివి. మా సంచిలోని దొంగరాయిని తీసి పారవేయుము. వెలుపట పూసినదానిని మా లోపటను పూయుము. మా బిడ్డలు మా మాటను నమ్మునట్లును, మా మాటనుబట్టి నీ మాటను నమ్మునట్లును కృప దయచేయుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.