వంకర గోడ

(లేవీయకాండము 14:33–48 చదువుడి)



గత వేసవిలో మా పాత పెంకుటిల్లు బాగుచేయించితిమి. పని ముగిసిన మరునాటి ఉదయము వాకిటి వెలుగు వాలుగా పడగా, నడిమింటి గోడ వంకరగా కనబడెను. అది మొదలు కారుట మానిన కప్పు నా కంటికి ఆనలేదు. ఆ వంకరయే కనబడుచుండెను. ప్రార్థనలో కన్నులు మూసికొనినను అదే. ఆ సాకుతో మేస్త్రికి ఇయ్యవలసిన కడపటి కూలి ఆపివేసితిని.

ఆ దినములలోనే, ఇంటి గోడలలో పుట్టు పొడను గూర్చిన విధిని చదివితిని. పచ్చగానైనను ఎఱ్ఱగానైనను పల్లపు చారలు కనబడినప్పుడు యాజకుడు వెంటనే ఇల్లు పడగొట్టించడు. తాను చూడకముందే సామాను బయట పెట్టించును; ఇంటివారికి నష్టము కలుగరాదు. ఏడు దినములు ఇల్లు మూసియుంచును. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లు తీయించి, లోగోడలు గీయించి, వేరు రాళ్లును వేరు అడుసును పెట్టించును. అటుతరువాత పొడ మరల పుట్టినయెడలనే ఇల్లు పడగొట్టవలెను. వ్యాపింపనియెడల ఆ ఇల్లు పవిత్రమని నిర్ణయించును. అతుకులు కనబడుచునే యుండును. అయినను అది పవిత్రమే.

యాజకుడు చూచునది అందము కాదు, దోషము వ్యాపించుచున్నదా లేదా అనియే. కారు కప్పును, చెదపట్టిన దూలమును సహించుట ఓర్పు కాదు, అజాగ్రత్త. అవి బాగుచేయవలసినవే.

నేనును ఏడు దినములు చూచితిని. గోడ వంకర పెరుగలేదు. పెరిగినది నా సణుగుడు. అది నా భార్యను, పిల్లలను, పనివానిని అంటుకొనెను. పొడ గోడలో లేదు, నాలోనే యున్నది.

పని లోపమునకు పూర్తి కూలి ఏల అని మీరు అడుగవచ్చును. నిజమే, లోపమున్నయెడల ఎదుటనే చెప్పి తీర్చుకొనవలెను. కాని ఆ మేస్త్రి మొదటి దినముననే చెప్పెను: పాత మట్టిగోడ వాలియున్నది, పూత వేసినంతమాత్రమున తిన్నగా రాదు, తిరిగి కట్టవలెనని. ఖర్చునకు వెరచి వద్దన్నవాడను నేనే. నా లోభమునకు అతని పిల్లలు పస్తుండుట న్యాయమా? కూలివాని కూలి తెల్లవారువరకు ఉంచుకొనరాదని అదే గ్రంథము 19వ అధ్యాయములో ఉన్నది.

ఆ సాయంత్రమే వెళ్లి, కూలి చెల్లించి, క్షమాపణ వేడుకొంటిని.

గోడ నేటికిని వంకరగానే యున్నది. దాని ప్రక్కనే కూర్చుండి ప్రార్థించుచున్నాము. మీ ఇంటను అట్టి లోపమేదైన నుండవచ్చును. దానిని ఏడు దినములు చూడుడి. దానితో కూడ మీ హృదయమును చూచుకొనుడి. ఏది వ్యాపించుచున్నదో దానినే ముందు గీయించుడి.