పెన్నా తీరాన నీరు, నిప్పు, ధర్మం

నీటిలోకి విద్యుత్తు పంపితే అది హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. 9 కిలోల నీటి నుంచి ఒక కిలో హైడ్రోజన్ వస్తుంది. అందుకు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. హైడ్రోజన్‌ను మండిస్తే పొగ రాదు, మళ్లీ నీరే వస్తుంది. సౌర విద్యుత్ పార్కు ఉన్న జమ్మలమడుగు ప్రాంతంలో ఎండకు కొదవ లేదు, కొదవంతా నీటికే. అందుకే కడప జిల్లాలో ఇది ముందుగా ధర్మానికి సంబంధించిన ప్రశ్న: తాగడానికి, పైరుకు చాలని నీటిని ఇంధనం చేయవచ్చా?

తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమంలో అగ్ని నుంచి నీరు పుట్టిందని చెబుతుంది. హైడ్రోజన్ మండి నీరవడాన్ని దానికి రుజువుగా చూపడం సరికాదు. ఉపనిషత్తు వెతికింది జగత్తుకు మూలాన్ని, రసాయన చర్యను కాదు. పంచభూతాల్లో ఒకదాన్ని విడగొట్టడం అపచారమన్న వాదనకూ బలం లేదు. మట్టిని కాల్చి కుండ చేయడాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. సంప్రదాయం పట్టుబట్టింది పంపకం దగ్గర. బావులు, చెరువులు తవ్వించే పూర్తాన్ని యజ్ఞం పక్కన నిలిపింది.

దీనికి ఈ జిల్లాలోనే గట్టి సాక్ష్యం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెబుతుంది. నీరు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. నీటికీ వాడకానికీ పొంతన కుదరకపోవడాన్ని, కట్ట నుంచి నీరు కారడంతో సమానమైన లోపంగా ఆనాడే ఎంచారు.

ఆ కొలత ఇప్పుడూ వేయవచ్చు. శుద్ధి, చల్లబరచడం కలిపి కిలోకు 30 లీటర్లు అనుకున్నా, నీటిని విడగొట్టే 100 మెగావాట్ల యంత్రం (ఎలక్ట్రోలైజర్) ఏడాదంతా ఆగకుండా నడిస్తే పట్టే నీరు టీఎంసీలో సుమారు యాభయ్యో వంతు. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. నిండిన ఏడాది ఇది పెద్ద భారం కాదు. కానీ వాన మొహం చాటేసిన ఏడు, పులివెందుల చీనీ తోటల రైతుకు ఆ కాస్త నీరే ప్రాణం. పైగా ఆ ఇంధనం ఎక్కడో దూరాన మండితే ఆవిరి తిరిగి పెన్నలో చేరదు. గండికోట నీటి కోసం తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. ఊరే వదులుకున్నవారికి ఆ నీటిపై మాట చెప్పే హక్కు ఉండాలి.

2002 జాతీయ జల విధానం తాగునీటిని మొదట, సాగునీటిని తర్వాత, పరిశ్రమలను వాటి వెనక నిలిపింది. ఆ వరస తప్పని దారి ప్రొద్దుటూరులో ఉంది. 2011 నాటికే పట్టణ జనాభా 1.6 లక్షలు దాటింది. మనిషికి 50 లీటర్ల చొప్పున వాడి వదిలినా రోజుకు 80 లక్షల లీటర్ల మురుగునీరు. 100 మెగావాట్ల యంత్రానికి రోజుకు 14 లక్షల లీటర్లు చాలు. సముద్రపు నీటినే వెయ్యి లీటర్లకు నాలుగు యూనిట్లలోపు కరెంటుతో మంచినీరుగా మారుస్తున్నారు. మురుగుకు దానికి రెట్టింపు పట్టినా, కిలో హైడ్రోజన్‌కు కావలసిన 30 లీటర్ల శుద్ధికి అర యూనిట్ కూడా ఖర్చుకాదు.