తప్పిపోయిన గొడ్డు

జగిత్యాల దగ్గర, మల్యాల పక్క పల్లెలో పుట్టినవాణ్ని. నాకు కొండ అంటే కొండగట్టే. అందుకే బొంబాయిలో డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్ దగ్గరి భండార్‌వాడా గుట్టను చూడగానే నవ్వొచ్చింది. ఆయాసమైనా రాకముందే పైకి చేరిపోతాం. పైన గుడి లేదు, పార్కు ఉంది. 1916లో తిలక్ హోంరూల్ లీగుకు మొదటి అధ్యక్షుడైన జోసెఫ్ బాప్టిస్టా పేరు దానికి.

గల్ఫ్ వీసా కోసం రెండు నెలలు కామాఠీపురలో మా ఊరివాళ్ల గదిలో పడి ఉన్నాను. ఏజెంటు "రేపు" అన్నప్పుడల్లా ఆ గుట్ట ఎక్కేవాణ్ని. బెంచీ మీద కూర్చుంటే తూర్పున రేవంతా కనబడేది. మజగావ్ డాక్ క్రేన్లు, తుప్పు పట్టిన ఓడలు, నీళ్ల అవతల మసక మసకగా కొండలు. నేను పోవాల్సింది విమానంలో. చూసేది మాత్రం ఓడలను.

ఓ రోజు తోటమాలి మడమతో నేల తట్టి, "ఇదంతా టాంకీ, కింద నీళ్లే" అన్నాడు. ఊరికి పోయే మంచినీళ్ల మీద కూర్చుని ఇన్నాళ్లూ ఉప్పునీళ్లు చూస్తున్నానన్నమాట! అసలు ఈ గుట్ట ఉన్న మజగావ్ ఒకప్పుడు విడి దీవి. ఏడు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చుకుంటూ పెరిగిన ఊరు బొంబాయి.

ఎత్తుకెక్కితే చూపు పెరుగుతుందంటారు. నాకు నమ్మకం కుదరలేదు. కొండగట్టు మీద నిలబడి అమ్మ కిందికి చేయి చూపి, "అగో, మన చెరువు" అనేది. ఎండకు తళుక్కుమన్న ఇంటి రేకు కూడా కావచ్చది. అయినా ఆమెకు చెరువే. ఇక్కడ రేవు నిండా ఓడలున్నా, వేలెత్తి చూపడానికి నాకొక్కటీ లేదు.

కొండగట్టు గుడి కథలోని సింగం సంజీవుడు కూడా దేవుడి కోసం కొండెక్కలేదు. గొడ్డు తప్పిపోతే వెతుక్కుంటూ పోయి, అలసి నిద్రపోతే, ఫలానా పొదలో ఉన్నానని ఆంజనేయస్వామి కలలో చెప్పాడట. అందరూ విగ్రహం దొరికిన సంగతే చెప్పుకుంటారు. నాకు చిన్నప్పటి నుంచీ గొడ్డు మీదే దిగులు.

"గొడ్డు దొరికిందా నాయినా?"

"దొరికింది బిడ్డా. దాని జాడ గూడ స్వామే చెప్పిండు."

సంజీవుడికి తప్పిపోయిందేదో తెలుసు. దాని రంగు తెలుసు, అరుపు తెలుసు. బెంచీ మీద నా చిక్కంతా అదే. జీతం కోసం పోతున్నానని అందరికీ చెప్పాను కానీ, జీతానికి రంగేది, అరుపేది?

వీసా వచ్చిన సాయంత్రం కూడా గుట్ట ఎక్కాను. డాక్‌లో లైట్లు వెలిగేదాకా ఉన్నాను. దిగి గదికి పోతూ, పనేం లేకపోయినా, జగిత్యాల బస్సు ఎన్ని గంటలకని అడిగి తెలుసుకున్నాను.